గుండె ఆపరేషన్ అయినోళ్లకు ఆక్సిజన్ ఎందుకు తగ్గుతది?

బైపాస్ అయిన మూడో రోజు ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక, పక్కన కూర్చున్న కొడుకో బిడ్డో మానిటర్‌లోని శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) అంకె మీదే కళ్లు పెట్టి ఉంటారు. 96 ఉన్నది 91కి దిగగానే "సిస్టర్, ఆక్సిజన్ పెంచండి" అని కేక. సిస్టర్ వచ్చి ఫ్లోమీటర్ తిప్పి రెండు లీటర్లను నాలుగు చేస్తుంది. అంకె మళ్లీ 96కి ఎక్కుతుంది, అందరి మనసూ కుదుటపడుతుంది. అంకె ఎందుకు దిగిందో మాత్రం ఎవరూ చూడరు. పేషెంటు మంచం మీద కిందికి జారిపోయి, గడ్డం ఛాతీకి ఆనించి, పైపైన ఊపిరి తీస్తూ అట్లనే పడుకొని ఉంటాడు. ఆయన్ని పైకి జరిపి నిటారుగా కూర్చోబెట్టి, దిండు ఛాతీకి పట్టించి రెండు సార్లు గట్టిగా దగ్గిస్తే ఆ అదనపు రెండు లీటర్లు చాలాసార్లు అక్కరలేదు.

గుండెకు కదా కోత పెట్టింది, ఊపిరితిత్తులకేమైందని అడుగుతారు. ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పనిని తాను చేసే బైపాస్ మెషీన్ నడిచినంత సేపు, అంటే గంట నుంచి మూడు గంటల దాకా, ఊపిరితిత్తులకు దాదాపు పని ఉండదు. గాలి పోక ముడుచుకొని ఉంటాయి. తడిసిన పాలిథిన్ కవరు లోపలి పొరలు అంటుకుపోయినట్టు అడుగు భాగంలోని గాలి గదులు మూసుకుపోతాయి. ఎడమ వైపు అడుగు భాగం ఇంకా ఎక్కువ దెబ్బ తింటుంది. బైపాస్‌కు వాడే ఛాతీ గోడ లోపలి ఎడమ ధమనిని, డాక్టర్లు లీమా అనేదాన్ని, విడదీసేటప్పుడు ఆ పక్క ఊపిరితిత్తి పొర తరచూ తెరుచుకుంటుంది. తర్వాత అక్కడ నీరు చేరుతుంది. గుండెను చల్లబరచడానికి వాడే మంచు తగిలి, పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న డయాఫ్రమ్‌కు పోయే నరం కొందరిలో మొద్దుబారుతుంది. అది తేరుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వీటి మీద స్టీలు తీగలతో కట్టిన ఎముక నొప్పి, ఛాతీలోని రక్తం, నీరు బయటికి తీసే డ్రెయిన్ పైపుల పోటు, ఒంట్లో ఎక్కువైన నీరు, ఉబ్బిన కడుపు. ఇన్నిటి మధ్య ఏ మనిషైనా సగం ఊపిరే తీస్తాడు.

మూసుకున్న గదుల పక్క నుంచి కూడా రక్తం పారుతూనే ఉంటుంది. కానీ అక్కడ గాలి లేదు కాబట్టి ఆక్సిజన్ పట్టకుండానే గుండెకు తిరిగి వస్తుంది. బయట నుంచి ఎంత ఆక్సిజన్ ఇచ్చినా అది తెరిచి ఉన్న గదుల్లోకే పోతుంది. మడవ పూడిపోయిన మడి, మోటరు ఇంకో రెండు గంటలు నడిపినంత మాత్రాన తడవదు కదా. పార తీసుకొని మడవ తియ్యాలె. ఇక్కడ పార అంటే లోతైన ఊపిరి, దగ్గు, కూర్చోవడం, నడక. ఆక్సిజన్ ఆ పని అయ్యేదాకా మనిషిని కాపాడుతుంది. అందుకని ఆక్సిజన్ వద్దని కాదు. లీటర్లు పెంచిన ప్రతిసారీ, ఎందుకు పెంచాల్సి వచ్చిందో కూడా చూడాలని.

మొదటి రాత్రి: గొట్టం ఎప్పుడు తీస్తారు

ఆపరేషన్ థియేటర్ నుంచి ఐసీయూకి నోట్లో గొట్టంతోనే తెస్తారు. "ఇంకా మిషన్ మీదనే ఉన్నడట" అని ఇంటివాళ్లు బెంబేలు పడతారు గానీ, అది జరగాల్సిన పద్ధతే. మామూలు బైపాస్‌లో అంతా సజావుగా ఉంటే ఆరు గంటల లోపే గొట్టం తీయడానికి చూస్తారు. వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి ఇచ్చే గాలిని మనిషి ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువుకు, కిలోకు 6 నుంచి 8 మి.లీ. చొప్పున పెడతారు. ఒంటి మీది బరువు ఇక్కడ లెక్కలోకి రాదు. పొట్ట పెరిగినంత మాత్రాన ఊపిరితిత్తి పెరగదు మరి. ఊపిరి వదిలిన చివర కూడా గదులు మూసుకోకుండా 5 నుంచి 8 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి నిలిపి ఉంచుతారు. దాన్నే పీప్ అంటారు.

గొట్టం తీయడానికి ముందు కొన్ని చూస్తారు. మనిషి మేలుకొని చెప్పిన మాట వినాలి, చెయ్యి పిసకమంటే పిసకాలి, తల దిండు మీద నుంచి ఎత్తి పట్టాలి. ఒళ్లు 36 డిగ్రీలు దాటి వెచ్చబడాలి. డ్రెయిన్‌లోకి వచ్చే రక్తం గంటకు 100 మి.లీ. కన్నా తక్కువకు దిగాలి. బీపీ మందుల మోతాదు పెంచాల్సిన అవసరం ఉండకూడదు. 40 శాతం ఆక్సిజన్‌తో రక్త పరీక్ష బాగుండాలి. అప్పుడు మెషీన్ సాయాన్ని బాగా తగ్గించి అరగంట పాటు సొంతంగా ఊపిరి తీయనిస్తారు. ఆ అరగంటలో ఊపిరి నిమిషానికి 35 దాటినా, చెమటలు పట్టినా, బీపీ తేడా కొట్టినా మళ్లీ మెషీన్ మీదికి. తొందరపడి తీసి తిరిగి పెట్టడం కన్నా తెల్లవారే దాకా ఆగడం మేలు.

రుమాటిక్ జ్వరంతో మైట్రల్ కవాటం పాడై ఏళ్ల తరబడి అట్లనే నెట్టుకొచ్చిన ఆడవాళ్లకు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువుంటుంది. బీడీ తాగేవాళ్ల ఊపిరితిత్తి ముందే అరిగిపోయి ఉంటుంది. వీళ్లకు రెండు మూడు రోజులు పట్టొచ్చు. గొట్టం తీశాక గొంతు బొంగురుపోవడం మామూలే. మొదటి గుక్క నీళ్లు మాత్రం కూర్చోబెట్టి, చెంచాతో ఇచ్చి, దగ్గు వస్తుందా చూసి ఇవ్వాలి. పొలమారి నీళ్లు ఊపిరితిత్తిలోకి పోతే న్యుమోనియాకు అదే దారి.

ముక్కు గొట్టం నుంచి బైపాప్ దాకా

ముక్కులో పెట్టే సన్నని రెండు కొనల గొట్టం, నేసల్ ప్రాంగ్స్, నిమిషానికి 1 నుంచి 4 లీటర్ల దాకా సరిపోతుంది. ఉజ్జాయింపుగా మామూలు గాలిలోని 21 శాతానికి లీటరుకు 4 చొప్పున కలుపుకోవచ్చు. అంటే రెండు లీటర్లకు 28, నాలుగింటికి 36 శాతం. ఆరు దాటితే ముక్కు ఎండి రక్తం రావడమే తప్ప లాభం లేదు. మామూలు మాస్కుకు కనీసం 5 లీటర్లు ఉండాలి, లేకపోతే పేషెంటు తాను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాడు. లీటర్లు తగ్గించేటప్పుడు మాస్కు అట్లనే ఉంచి రెండుకు దించడం వార్డుల్లో తరచూ కనిపించే తప్పు. సంచి ఉన్న మాస్కుకు 10 నుంచి 15 లీటర్లు కావాలి, ఊపిరి తీసినప్పుడు సంచి పూర్తిగా చప్పబడకూడదు. వెంచురీ మాస్కులో రంగును బట్టి శాతం ఉంటుంది: నీలం 24, తెలుపు 28, పసుపు 35, ఎరుపు 40. ఏ రంగుకు ఎన్ని లీటర్లో దాని మీదే రాసి ఉంటుంది.

అంతకు మించి కావాలంటే వెచ్చని తడి గాలిని నిమిషానికి 30 నుంచి 60 లీటర్ల వేగంతో ముక్కులోకి పంపే హై ఫ్లో, లేదా బిగుతు మాస్కుతో ఒత్తిడి ఇచ్చే బైపాప్. బైపాప్ గాలి గదులను నిజంగా తెరుస్తుంది. కానీ మాస్కు పక్కల నుంచి గాలి కారితే దండగ. గుబురు గడ్డం, తీసిపెట్టిన పండ్ల సెట్టు, ముక్కులోంచి పోయే ఫీడింగ్ ట్యూబు, ఈ మూడూ కారడానికి కారణాలు. తిన్న వెంటనే పెడితే కడుపు గాలితో ఉబ్బి వాంతి అవుతుంది.

శాచురేషన్ ఎంతుండాలి? చాలామందికి 92 నుంచి 96 చాలు. పాత దమ్ము రోగం, సీఓపీడీ, ఉన్నవాళ్లకు 88 నుంచి 92. వాళ్లకు 98 తెప్పించాలని ఆక్సిజన్ గుప్పిస్తే లోపల బొగ్గుపులుసు వాయువు పెరిగి మత్తుగా నిద్రలోకి జారుతారు, పొద్దున లేస్తే తలనొప్పి. వేలి క్లిప్పు ఆ వాయువును చూపదు. అంకె 97 ఉన్నా మనిషి లేపితే లేవకపోతే అది ప్రమాదమే. మామూలుగా 90 దగ్గర గీత గీసేది ఎందుకంటే, అక్కడ రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి సుమారు 60 మిల్లీమీటర్లు. దాని పైన ఒత్తిడి కాస్త తగ్గినా అంకె మెల్లగా కదులుతుంది. దాని కింద మెట్ల మీంచి దొర్లినట్టు దిగుతుంది.

వేలి క్లిప్పు చెప్పే అబద్ధాలు

వేలి క్లిప్పు అంటే పల్స్ ఆక్సిమీటర్. దాని సూత్రాన్ని 1970ల మొదట్లో జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి కనిపెట్టాడు. కరోనా వచ్చాక మన దగ్గర బీపీ మెషీన్ లేని ఇళ్లలో కూడా ఇది ఉంది. మంచిదే, కానీ దానికి రెండు మూడు శాతం అటూ ఇటూ తేడా సహజం. ముదురు రంగు చర్మం మీద అసలు కన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. కాబట్టి 93 ఉన్నది 92 అయిందని హడలిపోవడం అనవసరం. వారం రోజులుగా 96 ఉన్నది మెల్లగా 92కు వస్తే మాత్రం పట్టించుకోవాలి.

చెయ్యి చల్లగా ఉంటే రక్తం అందక తప్పుడు అంకె వస్తుంది. రుద్ది వెచ్చచేసి, మధ్య వేలికో చూపుడు వేలికో పెట్టి, కదలకుండా నిమిషం ఆగి చదవాలి. పెట్టిన మొదటి అయిదు సెకన్లలో కనిపించేది లెక్క కాదు. బైపాస్‌కు ముంజేతి ధమని తీసి ఉంటే రెండో చేతికి పెట్టండి. ఎర్ర మెహందీతో పెద్ద తేడా రాదు, నల్ల మెహందీ, ముదురు గోళ్ల రంగు ఉంటే వేలు మార్చాలి. ఎండలో, వాకిట్లో కూర్చొని చూడొద్దు. క్లిప్పు చూపే నాడి అంకె, మణికట్టు పట్టుకొని లెక్కపెట్టింది కలవకపోతే శాచురేషన్‌ను కూడా నమ్మొద్దు. గుండె లయ తప్పినప్పుడు, ఏఎఫ్ అంటారు, ఇట్లా అవుతుంది. బైపాస్ తర్వాత ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి, ఎక్కువగా రెండు మూడు రోజుల్లో ఇది వస్తుంది.

అంకె బాగుండి మనిషి బాగుండని సందర్భాలూ ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత హీమోగ్లోబిన్ 8, 9 దగ్గర ఉండటం మామూలు. ఉన్న రక్తమంతా ఆక్సిజన్‌తో నిండి ఉంది కాబట్టి 98 చూపిస్తుంది, కానీ మోసే రక్తమే తక్కువ, నాలుగడుగులకే ఆయాసం. ఇంకోటి, కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్న రక్తాన్ని కూడా ఈ క్లిప్పు ఆక్సిజన్ అనే లెక్కేస్తుంది.

అందుకే అంకెతో పాటు ఊపిరి లెక్క రాయాలి. గడియారం పట్టుకొని, పేషెంటుకు తెలియకుండా, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో పూర్తి నిమిషం లెక్కపెట్టండి. చెప్పి లెక్కపెడితే మార్చేస్తారు. 12 నుంచి 20 మామూలు. కూర్చున్నప్పుడు 25 దాటితే ఫోన్ చేయాలి, 30 అయితే బండి ఎక్కాలి. అంకె పడిపోవడానికి గంటల ముందే ఈ లెక్క పెరుగుతుంది.

మూడు బంతుల డబ్బా

దీని అసలు పేరు ఇన్సెంటివ్ స్పైరోమీటర్. మూడు గదులు, మూడు బంతులు, 600, 900, 1200 అని రాసి ఉంటాయి. అవి నిమిషానివి కావు, సెకనుకు పీల్చే మి.లీ. లెక్క. దీన్ని ఊదుతారు చాలామంది. బెలూన్ ఊదినట్టు బుగ్గలు ఉబ్బించి ఊదుతారు, బంతి లేవదు, "ఖరాబైంది సార్" అంటారు. ఇది పీల్చేది. ఊదడం వల్ల మూసుకున్న గదులు తెరుచుకోవు.

చేసే తీరు ఇది. కుర్చీలోనో మంచం అంచునో నిటారుగా కూర్చోవాలి. డబ్బాను కళ్ల ఎదురుగా నిలువుగా పట్టాలి, వంచితే బంతులు సులువుగా లేచి మోసం చేస్తాయి. ముందు ఊపిరి మెల్లగా వదలాలి. గొట్టం కొనను పెదవులతో గట్టిగా మూసి, ముక్కుతో కాకుండా నోటితో, చిక్కటి మజ్జిగ స్ట్రాతో లాగినట్టు నిదానంగా పీల్చాలి. మొదటి బంతి పైకి లేచి అక్కడే మూడు సెకన్లు నిలవాలి. నోరు తీసేసి ఇంకో మూడు సెకన్లు ఊపిరి బిగబట్టి, తర్వాత వదలాలి. రెండు మామూలు ఊపిర్లు తీసి మళ్లీ. గంటకు పది సార్లు, మెలకువగా ఉన్న ప్రతి గంటా. పొద్దున యాభై ఒకేసారి చేసి రోజంతా ఊరుకుంటే లాభం లేదు, తెరుచుకున్న గదులు కాసేపటికి మళ్లీ మూసుకుంటాయి. ఏకబిగిన చేస్తే తల కూడా తిరుగుతుంది.

మూడు బంతులూ టపీమని లేపి పడేస్తే పక్క మంచపాయన మెచ్చుకుంటాడేమో గానీ, గాలి పైభాగానికే పోయి వెనక్కి వస్తుంది. ఒక బంతిని అయిదు సెకన్లు నిలిపినవాడి ఊపిరితిత్తి అడుగు దాకా తెరుచుకుంటుంది. ఈ డబ్బా ఆపరేషన్‌కు వారం ముందే తెచ్చుకొని, ఎన్ని బంతులు ఎంతసేపు నిలుస్తున్నాయో కాగితం మీద రాసి పెట్టుకుంటే మేలు. తర్వాత దాన్ని చేరుకోవడమే లక్ష్యం.

ఈ సొంత లెక్క మన నల్లగొండ పడమటి మండలాల వాళ్లకు మరీ ముఖ్యం. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పాత బోరు నీళ్లు తాగి ఫ్లోరోసిస్ ముదిరినవాళ్లకు పక్కటెముకలు వెన్నుకు కలిసే కీళ్లు, ఎముకలను కలిపే పట్టీలు గట్టిపడి, ఛాతీ పంజరంలా బిగుసుకుపోతుంది. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ చుట్టుకొలత మామూలుగా అయిదు సెంటీమీటర్ల దాకా పెరగాలి, వీళ్లకు అందులో సగం కూడా పెరగకపోవచ్చు. మూడో బంతి ఎప్పటికీ లేవదు, లేవనక్కర్లేదు. వీళ్ల ఊపిరంతా పొట్ట మీద, అంటే డయాఫ్రమ్ మీద నడుస్తుంది. కాబట్టి పొట్టను ఖాళీగా, వదులుగా ఉంచాలి: ఒకే పూట గిన్నెడు అన్నం బదులు ఐదారు సార్లు కొద్దికొద్దిగా, మలబద్ధకం లేకుండా, చీర కుచ్చిళ్లు, లుంగీ బొడ్డు మీద బిగించకుండా. మెడ తిరగనివాళ్లయితే ఆ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. గొట్టం వేయడం కష్టమవుతుంది, దానికి వేరే సరంజామా సిద్ధం చేసుకుంటారు.

దగ్గు, దిండు, నొప్పి గోలీ

దగ్గితే కుట్లు తెగుతాయని భయం. ఎముకను స్టీలు తీగలతో కడతారు, సరిగ్గా పట్టుకొని దగ్గితే ఏమీ కాదు. దగ్గకుండా కళ్లె లోపలే పెట్టుకుంటే జరిగే నష్టమే పెద్దది. గట్టి దిండును, లేదా దుప్పటి మడతపెట్టి, రెండు చేతులతో ఛాతీ మధ్య ఎముకకు అదుముకోవాలి. రెండు మూడు లోతైన ఊపిర్లు తీసుకొని, నోరు తెరిచి "హా... హా" అని అద్దం మీద ఆవిరి ఊదినట్టు రెండు మూడు సార్లు ఊదాలి. దాంతో కళ్లె గొంతు దగ్గరికి వస్తుంది. అప్పుడు ఒక్క గట్టి దగ్గు. "తాతా, ఇంకొక్కసారి, దిండు గట్టిగ పట్టుకో" అని సిస్టర్ అంటుంటే విసుక్కోవద్దు.

నొప్పి ఉంటే ఇదేదీ జరగదు. రాసిచ్చిన పారాసిటమాల్‌ను నొప్పి భరించలేనప్పుడు కాకుండా, వేళకు వేసుకోవాలి. వేసుకున్న ముప్పావు గంటకు బంతుల డబ్బా, దగ్గు, నడక. "నొప్పి గోలీలు తింటే కిడ్నీలు పోతయ్" అన్న మాట డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటి వాటికి వర్తిస్తుంది, మోతాదులో వేసుకునే పారాసిటమాల్‌కు కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నడుం నొప్పికి, ఒళ్లు నొప్పులకు పొడిచే సూది చాలాసార్లు డైక్లోఫెనాకే. బైపాస్ అయినవాళ్లకు అది వద్దు: గుండెపోటు ముప్పు పెంచుతుంది, ఒంట్లో నీరు నిలిపి ఆయాసం తెస్తుంది. కవాటం మార్చి రక్తం పలచబడే గోలీ వాడేవాళ్లకైతే రక్తస్రావం. అట్లనే దమ్ము వస్తుందని డెరిఫిలిన్ సూది, ఎవరినీ అడగకుండా నెబ్యులైజర్ పెట్టడం. రెండూ గుండె వేగాన్ని పెంచి లయ తప్పించగలవు. దగ్గు ఆపే సిరప్ కళ్లెను లోపలే ఉంచుతుంది. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ గోలీలతో పొడి దగ్గు వస్తుంది, అది గోలీ మారిస్తేనే పోతుంది.

డ్రెయిన్ పైపు ఉన్న రోజుల్లో నడిపించేటప్పుడు సీసా ఎప్పుడూ ఛాతీ కన్నా కిందే ఉండాలి. అటెండెంట్లు బరువని భుజం ఎత్తుకు లేపుతారు, సీసాలో నీళ్లు తిరిగి ఛాతీలోకి పోతాయి. మంచం కింద పైపు మడతపడకుండా చూడాలి.

ఇంటికొచ్చాక

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని హద్దు పది లక్షలయింది. దాంతో పేదింటి మనిషికీ గుండె ఆపరేషన్ అందుతోంది. కానీ ఆపరేషన్ ఎక్కువగా హైదరాబాద్‌లో, కోలుకోవడం నల్లగొండలోనో నారాయణపేటలోనో. అయిదు నుంచి ఏడు రోజుల్లో పంపిస్తారు. నల్లగొండకైనా పాలమూరుకైనా దాదాపు వంద కిలోమీటర్లు. కారులో వెనుక సీట్లో, ఛాతీకీ బెల్టుకీ మధ్య చిన్న దిండుతో కూర్చోబెట్టి, గంటకోసారి దించి నాలుగడుగులు వేయించాలి.

ఇంట్లో మొదటి శత్రువు నులక మంచం. నడుం కుంగి ఛాతీ ముడుచుకుంటుంది, లేవాలంటే రెండు చేతుల మీద బలం వేయక తప్పదు. చేతులతో నెట్టుకుంటే ఎముక అతుకు మీద పడుతుంది. గట్టి పరుపు ఉన్న బల్ల మంచం, తల వైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు. పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వేలాడేసి, కాళ్ల బరువుతోనే లేవాలి. ఎముక అతకడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. అప్పటిదాకా రెండు మూడు కిలోలకు మించి ఎత్తొద్దు. నీళ్ల బిందె, ఇరవై లీటర్ల వాటర్ క్యాన్, గేదె తాడు, మోటరు సైకిలు, ఏదీ వద్దు. వడ్ల కల్లం, రైసు మిల్లు, కాల్చిన వరికొయ్యల పొగ దగ్గరికి పోవద్దు.

ఇంట్లో ఆక్సిజన్ కావాలా? చాలామందికి వద్దు. గాలిలో కూర్చున్నప్పుడు 92 పైన, నడిచాక 90 పైన ఉంటే కాన్సన్‌ట్రేటర్, అంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసే మెషీన్, కొనడం డబ్బు దండగ. డాక్టర్ రాసిచ్చినవాళ్లు మాత్రం కొన్ని తెలుసుకోవాలి. అయిదు లీటర్ల మెషీన్ 300 నుంచి 400 వాట్లు తీసుకుంటుంది. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ మీద మూడు గంటలకు మించి నమ్మొద్దు. గోడకు జానెడు దూరంలో పెట్టాలి, వారానికోసారి ఫిల్టర్‌ను సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి పెట్టాలి. ఆక్సిజన్‌కు తడి చేర్చే బుడగల సీసాలో డిస్టిల్డ్ వాటర్ గాని కాచి చల్లార్చిన ఫిల్టర్ నీళ్లు గాని, గీత దాకా మాత్రమే, రోజూ మార్చాలి. బోరు నీళ్లు పోస్తే రెండు వారాల్లో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. బుడగలు రాకపోతే సీసా మూత వదులుగా ఉందని, లేదా గొట్టం మడతపడిందని. ఆక్సిజన్ నడుస్తున్న గదిలో బీడీ, అగరుబత్తి, దీపం, గ్యాస్ స్టవ్వు ఉండకూడదు. పెదవులు పగిలితే వ్యాజిలిన్ రాయొద్దు, నీళ్లతో చేసిన జెల్ వాడాలి. నూనె చేతులతో రెగ్యులేటర్ ముట్టుకోవడమూ అంతే ప్రమాదం.

కరెంటు పోయినప్పటికి బీ టైపు సిలిండర్. దాని లెక్క సులువు: పది లీటర్ల సీసాలో 150 బార్ల ఒత్తిడి, అంటే 1500 లీటర్లు. రెండు లీటర్ల చొప్పున 750 నిమిషాలు, పన్నెండున్నర గంటలు. ముల్లు 50 దగ్గరుంటే 500 లీటర్లే, నాలుగు గంటలు. అచ్చంపేట వైపు నుంచి హైదరాబాద్‌కు ఆరు లీటర్లతో మూడు గంటల ప్రయాణమంటే 1080 లీటర్లు. ముల్లు 110 చూపినా దారిలో ట్రాఫిక్ జామ్‌కు మిగిలేది లేదు, నిండుదే ఎక్కించాలి. సిలిండర్ తాళాన్ని ముందు ఒక్క క్షణం తెరిచి దుమ్ము పోగొట్టి, వాషర్ ఉందో లేదో చూసి రెగ్యులేటర్ బిగించి, మెల్లగా తిప్పాలి. ఫ్లోమీటర్‌లో బంతి మధ్య భాగం ఏ గీత దగ్గరుందో అదే లెక్క.

ఇంటికొచ్చాక రెండు నుంచి ఆరు వారాల మధ్య మళ్లీ ఆయాసం మొదలైతే, ఎడమ పక్క నీరు చేరడం మొదటి అనుమానం. జ్వరం, ఊపిరి పీలిస్తే పోటు కూడా ఉంటే గుండె పొర వాచి ఉండొచ్చు, ఎక్స్‌రే, ఎకో తీయాలి. రెండు రోజుల్లో కిలో, వారంలో రెండు కిలోలు బరువు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరు. రోజూ పొద్దున మూత్రానికి పోయొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే కాంటా మీద తూచాలి. ఒక పిక్క వాచి, అకస్మాత్తుగా ఊపిరి ఆగినట్టయి అంకె పడిపోతే, కాలిలోని గడ్డ ఊపిరితిత్తికి ఎక్కిందేమో. అప్పుడు ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా 108కి ఫోన్.

పిల్లల సంగతి వేరు. ఒకటే గుండె గది పనిచేసే బిడ్డకు గ్లెన్ ఆపరేషన్ (పైభాగం నుంచి వచ్చే పెద్ద సిరను ఊపిరితిత్తుల ధమనికి కలపడం) గాని చేస్తే, నీలంగా పుట్టిన బిడ్డకు షంటు (ఊపిరితిత్తులకు రక్తం పంపే చిన్న గొట్టం) గాని వేస్తే, ఇంటికి వచ్చేటప్పుడు 75 నుంచి 85 ఉండటమే సరైన లెక్క. కరోనా నాటి 94 గుర్తుపెట్టుకొని 80 చూడగానే ఆక్సిజన్ పెట్టించొద్దు. షంటు ఉన్న బిడ్డకు ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే రక్తం ఊపిరితిత్తుల వైపే ఎక్కువ పారి ఒంటికి తగ్గుతుంది. డిశ్చార్జి కాగితం మీద "ఈ బిడ్డకు ఇంత ఉంటే చాలు" అని రాయించుకొని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, కొత్త డాక్టరుకు ముందు అదే చూపించండి. ఆ బిడ్డ ఎప్పుడూ ఉండే 80 కన్నా దిగినా, పాలు తాగడం మానేసినా, విరేచనాలతో ఒళ్లు ఎండినా ఆ రోజే తీసుకుపోవాలి. నీరు తగ్గి రక్తం చిక్కబడితే షంటు మూసుకుపోతుంది.

ఆపరేషన్ చేసిన చోటికి ఫోన్ చేసేటప్పుడు "మా నాయనకు దమ్మొస్తుంది సార్" అంటే అవతలివాళ్లకు ఏమీ అర్థం కాదు. కాగితం చేతిలో పెట్టుకొని చెప్పండి: ఆపరేషన్ అయి ఎన్ని రోజులు, కూర్చున్నప్పుడు శాచురేషన్ ఎంత, ఇంట్లో రెండు నిమిషాలు నడిచాక ఎంత, నిమిషానికి ఊపిరి ఎన్ని, నాడి ఎంత, సమంగా కొట్టుకుంటుందా, జ్వరం ఎంత, నిన్నటి కన్నా బరువు ఎంత మారింది, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకొని పడుకున్నారు, పాదాలు వాచాయా, కళ్లె ఏ రంగు, ఏ గోలీ ఎప్పటి నుంచి మానేశారు.